బోరు ఎండితే ఖర్చు ఎవరిది? తూర్పు ఆఫ్రికా జియోథర్మల్ విద్యుత్తు

ఎర్ర సముద్రమూ ఏడెన్ సింధుశాఖా కలిసేచోట జిబూటి ఉంది. అక్కడి నుంచి ఇథియోపియా, కెన్యా, టాంజానియాల మీదుగా ఒక పొడవైన పగులు నేలను చీల్చుకుంటూ దక్షిణానికి పోతుంది. అదే రిఫ్ట్ లోయ. ఆఫ్రికా ఖండం అక్కడ ఏటా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున రెండుగా విడిపోతోంది. భూమి పైపొర పలచబడిన ఆ దారి పొడవునా అగ్నిపర్వతాలు, వేడినీటి బుగ్గలు, నేలలోంచి ఎగజిమ్మే ఆవిరి కనిపిస్తాయి. రెండు మూడు కిలోమీటర్ల లోతుకు బోరు దింపితే, చోటు సరైనదైతే, రెండు మూడు వందల డిగ్రీల వేడితో నీరూ ఆవిరీ పైకి తన్నుకొస్తాయి. ఆ ఆవిరితో టర్బైన్ తిరుగుతుంది. ఇలా పుట్టే జియోథర్మల్ విద్యుత్తుకు బొగ్గు అక్కర్లేదు, వాన కోసం ఎదురుచూడక్కర్లేదు, పొద్దుగూకితే ఆగిపోదు.

ఇన్ని దేశాల కిందా ఉన్నది ఒకే పగులు. కరెంటు లెక్కలకు మాత్రం పొంతన లేదు. కెన్యాలో జియోథర్మల్ స్థాపిత సామర్థ్యం 900 మెగావాట్లు దాటింది. ఆ దేశంలో పుట్టే విద్యుత్తులో నలభై శాతానికి పైగా దాని నుంచే వస్తోంది. పక్కనున్న ఇథియోపియా చాలాకాలం చూపించుకున్నది ఏడు మెగావాట్ల చిన్న ప్రయోగాత్మక కేంద్రాన్నే. అది కూడా నడిచిన ఏళ్ల కంటే ఆగిన ఏళ్లే ఎక్కువ. జిబూటి, ఉగాండా, టాంజానియా, రువాండాల్లో చెప్పుకోదగ్గ జియోథర్మల్ కరెంటు ఇంకా గ్రిడ్‌కెక్కలేదు.

ఈ తేడాకు కారణమేమిటన్న చర్చ ఏళ్లుగా చిక్కుపడుతూ వచ్చింది. భూగర్భ శాస్త్రజ్ఞులు రాతిని చూపిస్తారు, ఆర్థికవేత్తలు అప్పును చూపిస్తారు, ప్రభుత్వాలు ఒకదాన్నొకటి చూపించుకుంటాయి. ఆ ఆవిరి ఉన్న నేల మీద తరాలుగా పశువులు మేపుకుంటున్న మాసాయి ప్రజలు మరో ప్రశ్న వేస్తారు. ఈ వాదాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది: తవ్విన బావి వట్టిపోతే ఆ ఖర్చు ఎవరు భరించారు, ఎన్నేళ్లు భరించగలిగారు అన్నదే ఈ దేశాల మధ్య తేడాలో పెద్ద భాగాన్ని వివరిస్తుంది. మొత్తాన్నీ వివరించదు. ఆ మిగులే ఈ చర్చలో ఆసక్తికరమైన భాగం.

ఒల్కారియా: పాతికేళ్ల ఎదురుచూపు

కెన్యా కథ నైరోబీకి వాయవ్యంగా, నైవాషా సరస్సు పక్కనున్న ఒల్కారియాలో మొదలవుతుంది. వలస పాలన చివరి రోజుల్లో, 1956 తర్వాత, అక్కడ రెండు బావులు తవ్వారు. లోపల వేడి ఉంది గాని వాడుకోదగ్గ ఆవిరి రాలేదు. పని వదిలేశారు. 1970లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో మళ్లీ కదలిక వచ్చింది. 1973 చమురు సంక్షోభం దాన్ని తొందరపెట్టింది. మొదటి 15 మెగావాట్ల యూనిట్ 1981లో తిరిగింది. ఆఫ్రికాలో అదే మొదటి పెద్ద జియోథర్మల్ కేంద్రం. 1982లో, 1985లో మరో రెండు యూనిట్లు చేరి మొత్తం 45 మెగావాట్లయింది. మొదటి బోరుకూ మొదటి కరెంటుకూ మధ్య గడిచినవి పాతికేళ్లు.

ఆ తర్వాత కూడా పరుగేమీ లేదు. రెండో పెద్ద కేంద్రం ఒల్కారియా–2 వచ్చేసరికి 2003 అయింది. ఈ మధ్యకాలంలో జరిగిన రెండు విషయాలు గుర్తుంచుకోదగ్గవి. 1999–2000 నాటి కరువుకు జలాశయాలు ఎండి, దేశమంతా కరెంటు కోతల పాలైంది. జలవిద్యుత్తునే నమ్ముకుంటే ఏమవుతుందో పాలకులకు బోధపడింది. 2009లో మళ్లీ కరువు వచ్చి ఆ పాఠాన్ని గట్టిపరిచింది. రెండోది మనుషులకు సంబంధించినది. ఐస్‌లాండ్‌లో 1979లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం పేరుతో మొదలైన జియోథర్మల్ శిక్షణకు కెన్యా ఏటా తన ఇంజినీర్లను, జియాలజిస్టులను పంపుతూనే ఉంది. అక్కడ చదివినవారిలో కెన్యన్లదే అతిపెద్ద బృందం. కొత్త కేంద్రాలు రాని ఏళ్లలో కూడా ఈ శిక్షణ ఆగలేదు. పెట్టుబడి వచ్చిననాడు పని తెలిసినవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

అసలు మలుపు 2008 చివర్లో వచ్చింది. జియోథర్మల్ డెవలప్‌మెంట్ కంపెనీ, పొట్టిగా జీడీసీ, అనే ప్రభుత్వ సంస్థను పెట్టారు. రిగ్గులు కొనడం, బావులు తవ్వడం, ఆవిరి దొరికాక దాన్ని విద్యుత్ కంపెనీలకు అమ్మడం దాని పని. బావి వట్టిపోతే నష్టం దానిదే, అంటే ప్రభుత్వానిదే. ప్రభుత్వ ఉత్పత్తి సంస్థ కెన్‌జెన్ ఒల్కారియాలో తన పని కొనసాగించింది. 2014–15లో ఒల్కారియా–4, ఒల్కారియా–1 విస్తరణ కలిసి ఏకంగా 280 మెగావాట్లు గ్రిడ్‌కు చేర్చాయి. 2019లో ఒల్కారియా–5, 2022లో ఒల్కారియా–1 ఆరో యూనిట్ వచ్చాయి. అదే క్షేత్రంలో అమెరికన్ కంపెనీ ఆర్మట్‌కు చెందిన ఓర్‌పవర్–4 కేంద్రం 2000 నుంచి నడుస్తూ 150 మెగావాట్ల దాకా పెరిగింది. 2012 నుంచి కెన్‌జెన్ మరో ఉపాయం కూడా పట్టింది. పెద్ద కేంద్రం కట్టేదాకా బావిని మూసి ఉంచకుండా, బావి తల దగ్గరే చిన్న యూనిట్ బిగించి వెంటనే కరెంటు తీయడం మొదలుపెట్టింది. తవ్విన బావి ఏళ్లతరబడి వడ్డీ మాత్రమే పెంచుతూ కూర్చునే రంగంలో ఇది చాలా తెలివైన పని.

ఈ విజయగాథలో మెనెంగై అన్న చిక్కుముడి ఉంది. నకూరు పట్టణం పక్కనున్న ఈ అగ్నిపర్వత బిలంలో జీడీసీ 2011లో తవ్వకం ప్రారంభించింది. ఆవిరి దొరికింది. ఒక్కొక్కటి 35 మెగావాట్ల చొప్పున మూడు కేంద్రాలను మూడు ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. వాటిలో మొదటిది, సోసియాన్ కంపెనీది, నడవడానికి 2023 వచ్చింది. ఈలోపు ఆవిరి భూమిలోనే ఉంది, తవ్వకం అప్పు మాత్రం ప్రభుత్వం మీద పెరిగింది. విద్యుత్ పంపిణీ సంస్థ డబ్బు కట్టకపోతే ఎవరు పూచీ అన్న దగ్గర ఆర్థిక సంస్థలు సంవత్సరాల తరబడి బిగుసుకుపోయాయి. తవ్వకం నష్టాన్ని ప్రభుత్వం నెత్తినేసుకున్నంత మాత్రాన మిగతా దారి దానంతటదే తెరుచుకోదని మెనెంగై చెబుతోంది.

ఇథియోపియా: పక్కపక్కనే బయలుదేరి

ఇథియోపియా ఆలస్యంగా మొదలుపెట్టిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అక్కడ ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో అన్వేషణ మొదలైంది 1969లో, కెన్యాకు ఆ తోడ్పాటు అందడానికి ఒక ఏడాది ముందే. అలూటో–లంగానో క్షేత్రంలో 1981–85 మధ్య ఎనిమిది లోతైన బావులు తవ్వారు. కొన్నింటిలో 300 డిగ్రీలు దాటిన వేడి కనిపించింది. అదే సమయంలో ఒల్కారియాలో మూడు యూనిట్లు నడుస్తున్నాయి. అలూటోలో మాత్రం బావులు తవ్వి పదమూడేళ్లు ఊరికే ఉంచారు. 1998లో ఏడు మెగావాట్ల పైచిలుకు ప్రయోగాత్మక కేంద్రం పెట్టారు. బావుల్లోనూ యంత్రాల్లోనూ ఇబ్బందులొచ్చి కొద్దికాలానికే ఆగింది. 2007లో కొంత బాగుచేశారు గాని పూర్తిగా కోలుకోలేదు. అఫార్ ప్రాంతంలోని టెండాహోలో 1990లలో ఇటలీ సాయంతో తవ్విన బావుల నుంచి కూడా గ్రిడ్‌కు చేరింది ఏమీ లేదు.

ఆ పదమూడేళ్లలో ఇథియోపియా అంతర్యుద్ధాన్నీ కరువునూ ప్రభుత్వ పతనాన్నీ చూసింది. అది సగం జవాబు. మిగతా సగం నైలు ఎగువ జలాల్లో ఉంది. కొండల మీద నుంచి దూకే నదులున్న దేశం కాబట్టి ఇథియోపియా తన విద్యుత్తులో తొంభై శాతానికి పైగా జలవిద్యుత్తు మీదే నిలబెట్టుకుంది. 2025 సెప్టెంబరులో ప్రారంభించిన మహా పునరుజ్జీవన ఆనకట్ట ఒక్కటే 5,000 మెగావాట్ల పైచిలుకు. ప్రపంచంలోనే అతి చవక కరెంటు ధరలున్న దేశాల్లో అదొకటి. అలాంటిచోట బావుల మీద కోట్ల డాలర్లు గుమ్మరించి తెచ్చిన ఆవిరి కరెంటును ఎవరు కొనాలి?

2010ల్లో ఇథియోపియా కెన్యాకు పూర్తిగా విరుద్ధమైన దారి పట్టింది. నష్టభయం మొత్తం ప్రైవేటు పెట్టుబడిదారుడిదే అంది. ఐస్‌లాండ్ నిపుణుల కంపెనీ రెయిక్యావిక్ జియోథర్మల్‌తో 2013లో కోర్బెట్టి ప్రాంతంలో వెయ్యి మెగావాట్ల ఒప్పందం పెద్ద వార్త అయింది. 2016లో జియోథర్మల్ చట్టం తెచ్చారు. 2017 డిసెంబరులో కోర్బెట్టి, తులు మోయే ప్రాజెక్టులకు విద్యుత్ కొనుగోలు ఒప్పందాలు కుదిరాయి. తులు మోయేలో 2020లో తవ్వకం మొదలైంది. తవ్వింది ఎవరంటే కెన్యా ప్రభుత్వ సంస్థ కెన్‌జెన్. ఒకప్పుడు ఒకే గీత మీద నిలబడిన రెండు దేశాల్లో ఒకటి ఇప్పుడు మరొకదానికి కాంట్రాక్టు మీద బోర్లు వేసిపెడుతోంది. అలూటోలోనూ, జిబూటిలోనూ కెన్‌జెన్ రిగ్గులు పనిచేశాయి.

వేల మెగావాట్ల మాట మాత్రం నిజం కాలేదు. 2020లో మొదలైన టిగ్రాయ్ యుద్ధం, విదేశీ మారకద్రవ్యం కొరత, స్థానిక బిర్‌ను డాలర్లుగా మార్చి బయటికి తీసుకెళ్లనిస్తారన్న హామీ మీద పేచీలు, అన్నీ కలిసి ఒప్పందాలను కాగితాల మీదే ఉంచాయి.

మిగతా ఇరుగుపొరుగు

జిబూటిది ఉప్పు కథ. సముద్రమట్టానికి 150 మీటర్లకు పైగా దిగువనున్న అస్సాల్ సరస్సు ప్రాంతంలో 1975లోనే బావులు తవ్వారు. 1978లో పక్కనే ఆర్దుకోబా అగ్నిపర్వతం పేలి, కింద ఎంత వేడి ఉందో లోకానికి చూపించింది. 1980ల చివర్లో మళ్లీ తవ్వారు. వేడి దొరికింది, ద్రవమూ దొరికింది. ఆ ద్రవంలో సముద్రపు నీటికి మూడు రెట్లకు మించిన ఉప్పు. పైకి వచ్చేటప్పుడు సీసం, జింకు సల్ఫైడ్లు గొట్టాల గోడలకు పేరుకుపోయి బావులు పూడుకుపోయాయి. 2011 నుంచి జిబూటి ఇథియోపియా జలవిద్యుత్తును తీగల మీద తెప్పించుకుంటోంది. అయినా ప్రయత్నం వదల్లేదు. 2014లో ప్రత్యేక సంస్థ పెట్టుకుని మళ్లీ తవ్వుతోంది.

రువాండా అనుభవం ఈ చర్చలో అందరూ తప్పక చెప్పుకోవలసినది, కానీ కొద్దిమందే చెప్పుకుంటారు. చిన్న దేశమైనా ఆ ప్రభుత్వం కెన్యా బాటలో ధైర్యం చేసి సొంత డబ్బుతో కరిసింబి అగ్నిపర్వతం వాలు మీద 2013లో బోరు దింపింది. మూడు కిలోమీటర్లు దిగినా ఆవిరి లేదు. రెండో బావి కూడా నిరాశపరిచింది. రువాండా అక్కడితో ఆగి, కివు సరస్సు అడుగున కరిగి ఉన్న మీథేన్‌తో కరెంటు తీసే దారిలోకి మళ్లింది.

ఉగాండాలో కిబిరో, కట్వే, బురంగా బుగ్గల గురించి అధ్యయనాలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. కిబిరోలో ఆడవాళ్లు తరతరాలుగా ఆ వేడి ఊటల దగ్గర ఉప్పు తీస్తున్నారు. అక్కడ కరెంటు కోసం లోతైన బావుల దశ ఇంకా రాలేదు. టాంజానియా 2013లో జియోథర్మల్ కంపెనీ పెట్టుకుని, నైరుతిన ఎంబేయా దగ్గర ఎంగోజీ అగ్నిపర్వతం మీద ఆశలు పెట్టుకుంది. సహజవాయువు, ఇటీవల 2,000 మెగావాట్లు దాటిన జూలియస్ న్యెరేరే ఆనకట్ట చేతిలో ఉన్న దేశానికి ఆవిరి కోసం తొందర లేదు.

రాయి, డబ్బు, అవసరం

వాదాల్లో మొదటిది భూగర్భ శాస్త్రానిది. రిఫ్ట్ లోయ ఒకటే అనడమే తప్పని వీరంటారు. అది రెండు కొమ్మలు. కెన్యా, ఇథియోపియాల మీదుగా పోయే తూర్పు కొమ్మ కింద శిలాద్రవం పైపైనే ఉంది. వేడికి అదే మూలం. ఉగాండా, రువాండా, కాంగో, పశ్చిమ టాంజానియాల పక్కనున్న పశ్చిమ కొమ్మలో అగ్నిపర్వతాలు తక్కువ, పైపొర మందం. అక్కడి బుగ్గలు చాలావరకు లోతైన భ్రంశాల వెంట దిగి, వేడెక్కి, తిరిగి పైకొచ్చిన వాన నీళ్లేనని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. అంటే అగ్నిపర్వతం నెత్తిన బోరు వేయడం అక్కడ తప్పు, భ్రంశాన్ని పట్టుకుని వేయాలి. కరిసింబి ఓటమిని వీరు ఇలాగే చదువుతారు. ఈ వాదానికి బలముంది. దానికి ఎదురు నిలిచే ఉదాహరణ అలూటో. తూర్పు కొమ్మ మీదే, 300 డిగ్రీల బావులు చేతిలో పెట్టుకునే, అది ఆగిపోయింది. అక్కడ రాయి తప్పు లేదు. ఒల్కారియాకు దగ్గరలోని అకీరాలో ప్రైవేటు పెట్టుబడితో తవ్విన బావులు ఆశించిన ఫలితం ఇవ్వకపోవడమూ ఉంది. మంచి రాయికి పక్కనే చెడ్డ రాయి ఉండొచ్చు. కాబట్టి తవ్విచూడక తప్పదు.

అక్కడే రెండో వాదం మొదలవుతుంది. ఒక్క బావి ఖర్చు తరచుగా యాభై లక్షల డాలర్లు దాటుతుంది. ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ 2013లో దాదాపు 2,600 బావులను పరిశీలించి, మొత్తం మీద 78 శాతం పనికొచ్చాయని, కానీ కొత్త క్షేత్రంలో మొదటి బావికి అవకాశం సగం సగమేనని తేల్చింది. అనంతపురంలోనో నల్లగొండలోనో నాలుగో బోరు వేసి నీళ్లు పడక అప్పులో మునిగిన రైతును చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. బోరులో నీళ్లు పడ్డాక అప్పివ్వడానికి పదిమంది ఉంటారు, పడకముందు ఎవరూ ఉండరు. బ్యాంకులు మొదటి బావులకు అప్పివ్వవు. ప్రైవేటు కంపెనీ సొంత డబ్బు పెడితే ఆ నష్టభయమంతా యూనిట్ ధరలోకి ఎక్కిస్తుంది. కాబట్టి ప్రభుత్వమే ముందు తవ్వాలి, దొరికాకే ఇతరులను పిలవాలి అంటుంది ఈ వాదం. కెన్యా దీనికి సాక్ష్యం. ఇథియోపియా ప్రైవేటు ప్రయోగం ఎదురు సాక్ష్యం.

ఈ రెండింటి మధ్య రాజీగా 2012లో ఒక నిధి వచ్చింది. ఆఫ్రికన్ యూనియన్, జర్మనీ, ఐరోపా సమాఖ్య కలిసి పెట్టిన జియోథర్మల్ నష్టభయ నివారణ నిధి అది. ఉపరితల అధ్యయనాల ఖర్చులో 80 శాతం దాకా, బావి తవ్వకం ఖర్చులో 40 శాతం దాకా గ్రాంటుగా ఇస్తుంది. ఉద్దేశం మంచిదే. మిగిలిన 60 శాతం తేవలసింది మళ్లీ ఆ కంపెనీయే, ఆ డబ్బు ఇవ్వవలసింది మళ్లీ ఆ భయపడే పెట్టుబడిదారుడే. గ్రాంటులు మంజూరైన ప్రాజెక్టుల జాబితా పొడుగైనంతగా తవ్విన బావుల జాబితా పొడుగవలేదు. నా దృష్టిలో ఆ నిధిలోని అసలు లోపం ఆ నిష్పత్తిలోనే ఉంది. భయం మొదటి రెండు మూడు బావుల దగ్గరే కేంద్రీకృతమై ఉన్నప్పుడు సాయం కూడా అక్కడే దాదాపు పూర్తిగా ఉండాలి.

అయితే రువాండా ప్రభుత్వం నష్టాన్ని భరించింది కదా? భరించింది, ఒక్కసారి. రెండు బావులతో ఆగిపోక తప్పని స్తోమత దానిది. కెన్యా 1956లో విఫలమై, 1970లో మళ్లీ మొదలుపెట్టి, ఆ తర్వాత మరో పదేళ్లు ఖర్చు పెట్టింది. వరుసగా ఎన్ని బావులు ఓడినా నిలబడగల ఓపికే ఇక్కడ అసలు ప్రశ్న. అది చిన్న దేశాలకు ఒంటరిగా సాధ్యం కాదు.

మూడో వాదాన్ని విద్యుత్ ప్రణాళికలు వేసేవారు చెబుతారు: అవసరమే ఆవిరిని బయటికి తెస్తుంది. కెన్యాలో బొగ్గు తవ్వకం లేదు, చమురు దిగుమతి, నదులు చిన్నవి, కరువులు తరచు. ఇథియోపియాకు నీలి నైలు ఉంది. టాంజానియాకు గ్యాస్ ఉంది. చవకైన మరో దారి ఉన్నవాడు ఖరీదైన బోరు వేయడు. చరిత్రను వివరించడంలో ఈ వాదం చాలా బలమైనది. భవిష్యత్తు దగ్గరికొస్తే దానికే రెండు వైపులా పదును. వాతావరణ మార్పుతో వానల లెక్క తప్పుతున్నకొద్దీ ఇథియోపియాకూ టాంజానియాకూ వానతో పనిలేని కరెంటు విలువ పెరుగుతుంది. మరోవైపు ఇథియోపియా నుంచి కెన్యాకు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు పొడవున 500 కిలోవోల్టుల తీగ వేశారు. 2022 చివర్లో 200 మెగావాట్లతో మొదలై, దాని మీదుగా జలవిద్యుత్తు కెన్యాకు వస్తోంది. పొరుగువాడి నీళ్లు తీగ మీద ఇంటికే వస్తుంటే, కెన్యాలో తర్వాతి బావి తవ్వే తొందర తగ్గుతుందా? ఇరు దేశాల కథ ఇక వేర్వేరు కథలు కాదు.

నేల ఎవరిది

పై మూడు వాదాల్లోనూ మనుషుల ఊసు లేదు. ఒల్కారియా మాసాయి ప్రజల మేత భూమి. 1904, 1911 ఒప్పందాలతో బ్రిటిష్ వలస ప్రభుత్వం వారిని సారవంతమైన భూముల నుంచి తరలించింది. మిగిలిన చోట 1981లో విద్యుత్ కేంద్రం వచ్చింది. 1984లో దాని చుట్టూ హెల్స్ గేట్ జాతీయ పార్కు వచ్చింది. పార్కు కంటే కేంద్రమే ముందు కావడం విచిత్రం. పశువులను మేపుకునే హక్కు రెండింటి మధ్యా నలిగింది.

ఒల్కారియా–4 కోసం 2014లో నాలుగు మాసాయి పల్లెలను ఖాళీ చేయించి వేరే చోటికి పంపారు. ఇళ్లు కట్టిచ్చారు, బడి, ఆసుపత్రి ఇచ్చారు. చాలామంది మాసాయిల ఫిర్యాదు వేరు: ఎంచిన భూమి మెరక పల్లాలతో కోతకు గురవుతోంది, పట్టణం దూరమైంది, పర్యాటకుల మీద వచ్చే ఆదాయం పోయింది, భూమి పట్టా చేతికి రాలేదు. ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలి విచారించి బ్యాంకు తన నియమాలను కొన్నిచోట్ల పాటించలేదని చెప్పింది. ఐరోపా పెట్టుబడుల బ్యాంకు ఫిర్యాదుల విభాగం మధ్యవర్తిత్వంతో 2016లో ఒక ఒప్పందం కుదిరింది. శుభ్రమైన ఇంధనం అన్న మాట ఎంత నిజమైనా, ఖాళీ చేసిన పల్లెకు అది జవాబు కాదు. వట్టిపోయిన బావి నష్టాన్ని ప్రభుత్వం భరించాలని గట్టిగా వాదించే నిపుణులు, ఆవిరి పడిన బావి కింద నలిగిన కుటుంబాల నష్టం గురించి అంతే గట్టిగా మాట్లాడాలి. ఆ రెండో లెక్క ఏ యూనిట్ ధరలోనూ కనిపించడం లేదు.

ఇదే చోట మేలు చేసిన వాడకాలూ ఉన్నాయి. నైవాషా దగ్గర గులాబీ తోటల హరితగృహాలను భూగర్భ వేడితో వెచ్చబెడుతున్నారు. నీటి ఎద్దడి ఉన్న ఎబురు కొండల్లో ఊరివాళ్లు నేలలోంచి వచ్చే ఆవిరిని గొట్టాల్లో పట్టి, చల్లార్చి, తాగునీరుగా వాడుకుంటున్నారు. ఏ ప్రణాళికా పత్రంలోనూ దీనికి మెగావాట్ల లెక్క ఉండదు, ఊరికి మాత్రం అదే ప్రాణం.

ఇంకా తేలనివి

అన్నిటికంటే ముందు అనుమానించవలసినవి సంభావ్య సామర్థ్యపు అంకెలు. కెన్యాకు 7,000 అన్నారు, 10,000 అన్నారు. ఇథియోపియాకు 5,000 అన్నది తర్వాత 10,000 అయింది. ఇవి బావులు తవ్వి కొలిచినవి కావు, అగ్నిపర్వతాల విస్తీర్ణాన్ని, ఉష్ణోగ్రతను ఊహించి గుణించినవి. 2030 కల్లా 5,000 మెగావాట్ల జియోథర్మల్ అని 2010ల మొదట్లో కెన్యా వేసుకున్న లక్ష్యంలో అయిదో వంతు కూడా రాలేదు. ప్రపంచం మొత్తం మీదే ఇప్పటిదాకా ఉన్నది దాదాపు 17,000 మెగావాట్లేనని గుర్తుంచుకుంటే ఆ లక్ష్యం ఎంత దూరమైనదో తెలుస్తుంది.

రాత్రి కరెంటు సంగతి ఇంకో చిక్కు. జియోథర్మల్ కేంద్రం ఇరవైనాలుగు గంటలూ ఒకే తీరున నడిస్తేనే లాభం. కెన్యాలో అర్ధరాత్రి వాడకం సాయంత్రపు గరిష్ఠం కంటే బాగా పడిపోతుంది. అప్పుడు కొంత ఆవిరిని వాడకుండానే గాల్లోకి వదిలేయవలసి వస్తోంది. ఎరువుల కర్మాగారాలను, డేటా కేంద్రాలను ఒల్కారియా పక్కకు రప్పించాలన్న ఆలోచన అందుకే. 2024లో మైక్రోసాఫ్ట్, జీ42 కంపెనీలు అక్కడ ఆవిరి కరెంటుతో నడిచే డేటా కేంద్రం కడతామని ప్రకటించాయి. గ్రామాల్లో కరెంటు ఇంకా అందని ఇళ్లుండగా రాత్రి మిగులును ఎవరికి ఇవ్వాలన్నది ఇంజినీర్లు మాత్రమే తేల్చగల ప్రశ్న కాదు.

నలభై ఏళ్లుగా ఆవిరి తీస్తున్న ఒల్కారియా ఇంకెన్నాళ్లు ఇస్తుందన్నది మరొకటి. తీసిన నీటిని చల్లబడ్డాక తిరిగి బావుల్లోకి ఎక్కించకపోతే లోపలి ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడ ఎక్కించాలో తప్పితే వేడి బావులే చల్లబడతాయి. దీని మీద కెన్యా దగ్గర ఉన్నంత అనుభవం ఆఫ్రికాలో మరెవరి దగ్గరా లేదు. పొరుగువారికి రిగ్గుల కంటే ఆ లెక్కల పుస్తకాలే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం.

పూగా, మణుగూరు

ఈ చర్చ మనకు దూరమైనదేమీ కాదు. భారత భూగర్భ సర్వే సంస్థ దేశంలో 381 వేడి బుగ్గలను గుర్తించింది. సంభావ్య సామర్థ్యం 10,600 మెగావాట్లని అంచనా. ఈ అంకెను కూడా తూర్పు ఆఫ్రికా అంకెలంత జాగ్రత్తగానే చదవాలి. లద్దాఖ్‌లోని పూగా లోయను 1970లలోనే పరిశీలించారు. ఒక మెగావాట్ ప్రయోగాత్మక కేంద్రానికి ఓఎన్‌జీసీ 2021లో ఒప్పందం చేసుకుని మరుసటి ఏడాది తవ్వకం చేపట్టింది. 2022 ఆగస్టులో బావిలోంచి ద్రవం పొంగి పూగా వాగులో కలిసి కలవరం రేపింది. తెలంగాణలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర, బొగ్గు కోసం వేసిన బోరులోంచి ఉబికిన వేడినీటితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక యూనిట్ పెట్టింది. గోదావరి లోయ వేడి ఒల్కారియా వేడి లాంటిది కాదు. ఇక్కడ శిలాద్రవం లేదు, ఉన్నది లోతుకు దిగి వేడెక్కిన నీరు. కాబట్టి మనం చూడవలసింది కెన్యా కంటే ఉగాండా, రువాండాల పశ్చిమ కొమ్మ అనుభవాన్ని.

2025 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ జియోథర్మల్ విధానాన్ని ప్రకటించింది. పాడుబడిన చమురు బావులను వేడి కోసం వాడుకునే అవకాశాన్ని అది ప్రస్తావించింది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో లోతుకు దిగిన బావులు ఎంత వేడివో అక్కడ పనిచేసిన చమురు ఇంజినీర్లకు బాగా తెలుసు. తవ్వకం ఖర్చు ఇప్పటికే పెట్టేసిన బావి అంటే, తూర్పు ఆఫ్రికాను యాభై ఏళ్లు వేధించిన మొదటి బావి భయం అక్కడ చాలావరకు తగ్గినట్టే. ఆ బావుల గొట్టాలు ఎన్నేళ్లు నిలుస్తాయి, వాటిలోంచి చాలినంత నీరు ప్రవహిస్తుందా, బావి చుట్టూ ఉన్న కోనసీమ రైతు పొలానికి పూచీ ఎవరు అన్నవి మొదటి యూనిట్ పెట్టకముందే రాతపూర్వకంగా తేల్చవలసిన విషయాలు.